వైద్యుడి చీటీ, సంఘపు తలుపు: ఆవడిలో చర్చీలు చేయగల ఆరోగ్య సేవ

ఆవడి కర్మాగారాల ఊరు. 1961లో ఇక్కడ భారీ వాహనాల కర్మాగారం వెలిసింది. 1965 డిసెంబరులో తొలి విజయంత ట్యాంకు అందులోంచి బయటికి వచ్చింది. సైనికుల దుస్తులు కుట్టే ఫ్యాక్టరీ, యుద్ధవాహనాల పరిశోధన సంస్థ, వాయుసేన, సి.ఆర్.పి.ఎఫ్. స్థావరాలు కూడా ఇక్కడే ఉండటంతో దేశం నలుమూలల నుంచి జనం ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డారు. వారిలో ఆంధ్ర, తెలంగాణ జిల్లాల వాళ్లున్నారు. అంతకు ముందు నుంచే ఈ తిరువళ్లూరు జిల్లా మట్టిలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లూ ఉన్నారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించి తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపినప్పుడు, ఉన్న ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారినవాళ్లు వీరిలో ఉన్నారు.

కర్మాగారపు ఊళ్లలో వృద్ధాప్యం వచ్చే తీరు వేరు. ఉద్యోగం ఉన్నంతకాలం క్వార్టర్సులో పక్కింటివాళ్లు చుట్టాలకన్నా దగ్గర. పండక్కి పిండివంటలు, పిల్లల పెళ్లిళ్లు, ఆస్పత్రి రాత్రులు అన్నీ కలిసే గడుస్తాయి. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఒకరు పట్టాభిరాంలో, ఒకరు తిరునిన్రవూరులో, మరొకరు వేప్పంపట్టులో కొనుక్కున్న స్థలాల్లో ఇళ్లు కట్టుకుంటారు. ముప్ఫై ఏళ్ల ఇరుగుపొరుగు ఒక్క ఏడాదిలో చెల్లాచెదరవుతుంది. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో విదేశంలోనో ఉంటారు. భార్యాభర్తల్లో ఒకరు పోతే, మిగిలినవారికి ఇంట్లో మాట్లాడటానికి మనిషి ఉండరు. అప్పటి నుంచి మోకాళ్ల నొప్పి, నిద్ర పట్టకపోవడం, గుండెదడ, ఆకలి మందగించడం మొదలై, నెలకోసారి వెళ్లే డాక్టరు దగ్గరికి పది రోజులకోసారి వెళ్తారు. డాక్టరు బి.పి. చూస్తారు, షుగరు చూస్తారు, నిద్రమాత్ర ఒకటి కలుపుతారు. బయట ఇంకా నలభై మంది ఉంటారు. ఆ డాక్టరుని తప్పుపట్టడానికి లేదు. ఆ నొప్పికి కారణం ఆయన చీటీలో రాయగలిగిన వాటిలో లేదు.

ఈ లోటు తీర్చడానికి కొన్ని దేశాల్లో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. దాన్ని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటున్నారు. ఈ వ్యాసంలో సామాజిక చీటీ అందాం. రోగి బాధకు మూలం ఒంటరితనమో అప్పులో ఇంటి కలతో పనిలేకపోవడమో అయినప్పుడు, వైద్యుడు అతణ్ణి శిక్షణ పొందిన ఒక కార్యకర్త దగ్గరికి పంపుతాడు. ఆ లింక్ వర్కర్ తీరిగ్గా కూర్చుని రోగి కథ వింటాడు. మీకేమైంది అని మాత్రమే కాక, మీకు ఏది ముఖ్యం అని అడుగుతాడు. తర్వాత ఆ ఊళ్లోనే ఉన్న నడక బృందానికో పాటల బృందానికో కుట్టుపని తరగతికో న్యాయసలహా కేంద్రానికో తోడుండి తీసుకెళ్తాడు. అడ్రసు ఇచ్చి పంపేస్తే చాలదు. మొదటి రెండుమూడుసార్లు వెంట వెళ్లడం ఈ పనిలో ప్రాణం.

మనుషుల సాంగత్యం ఆరోగ్యాన్ని నిజంగా మారుస్తుందా? దీనికి శాస్త్రం దగ్గర గట్టి ఆధారాలే ఉన్నాయి. కాలిఫోర్నియాలోని అలమేడా కౌంటీలో 1965 నుంచి 6,928 మంది వయోజనులను తొమ్మిదేళ్లపాటు గమనించారు. లిసా బెర్క్‌మన్, లెనార్డ్ సైమ్ ఆ ఫలితాలను 1979లో ప్రచురించారు. వారు కొలిచిన బంధాలు నాలుగు: దాంపత్యం, బంధుమిత్రులతో రాకపోకలు, చర్చి సభ్యత్వం, ఇతర సంఘాల్లో సభ్యత్వం. బంధాలు బాగా ఉన్నవారితో పోలిస్తే, అతి తక్కువ ఉన్న పురుషుల్లో మరణాల రేటు 2.3 రెట్లు, స్త్రీలలో 2.8 రెట్లు ఎక్కువగా కనిపించింది. మొదట్లో వారి ఆరోగ్యం ఎలా ఉంది, పొగతాగేవారా, ఆర్థిక స్థితి ఏమిటి అన్నవి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. నాలుగు బంధాల్లో ఒకటిగా చర్చి సభ్యత్వాన్ని కొలవాలని ఆ శాస్త్రజ్ఞులకు తోచడం మన విషయానికి ముఖ్యం.

2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం అలాంటి 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి విశ్లేషించింది. గట్టి సామాజిక బంధాలున్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారికన్నా 50 శాతం ఎక్కువ అని తేలింది. ఒంటరితనానికీ శరీరానికీ నడుమ దారి ఏమిటన్నది కూడా కొంత తెలుస్తోంది. తనవాళ్లు చుట్టూ లేరన్న భావన మెదడుకు ప్రమాద సంకేతం. కార్టిసోల్ వంటి హార్మోన్ల రోజువారీ లయ చెదురుతుంది. నిద్ర తెగిపోతుంటుంది. రక్తపోటు పెరుగుతుంది. 2007లో స్టీవ్ కోల్, జాన్ కాసియోపో తదితరులు దీర్ఘకాలంగా ఒంటరితనం అనుభవిస్తున్నవారి తెల్ల రక్తకణాలను పరీక్షించారు. వాపును ప్రేరేపించే జన్యువులు ఎక్కువ చురుగ్గానూ, వైరస్‌లను ఎదుర్కొనే జన్యువులు మందంగానూ ఉన్నట్టు చూశారు. అది పద్నాలుగు మందితో చేసిన చిన్న పరిశోధన. అయినా తర్వాతి పరిశోధనలకు దారి చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక అనుబంధాల కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 అని అంచనా.

ఆరాధనకు వెళ్లేవారి గురించి ప్రత్యేకంగా జరిగిన పరిశోధనల్లో పెద్దది హార్వర్డ్ వారిది. అమెరికాలోని 74,534 మంది నర్సులను 16 ఏళ్లు గమనించి, వారానికి ఒకసారికన్నా ఎక్కువగా ఆరాధనకు వెళ్లేవారిలో మరణాల రేటు, అసలు వెళ్లనివారికన్నా 33 శాతం తక్కువ అని 2016లో ప్రకటించారు. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఒంట్లో బాగున్నవారే చర్చికి వెళ్లగలరు, మంచం పట్టినవారు వెళ్లలేరు. పరిశోధకులు దాన్ని సవరించడానికి ప్రయత్నించారు గానీ పూర్తిగా తుడిచేయడం సాధ్యం కాదు. పైగా వారంతా అమెరికా స్త్రీలు, ఎక్కువమంది తెల్లవారు. అయినా అందులో ఒక విలువైన వివరం ఉంది. ఈ మేలులో దాదాపు నాలుగో వంతుకు కారణం అక్కడ దొరికే మనుషుల ఆసరా అని వారు లెక్కగట్టారు. పొగతాగకపోవడం వల్ల కలిగేది కూడా దాదాపు అంతే. అంటే ప్రసంగం ఎంత గొప్పదైనా, అది ముగిశాక మెట్లమీద నిలబడి, అమ్మా నిన్న మందు వేసుకున్నావా అని అడిగే మనిషికి ఆరోగ్యశాస్త్రంలో లెక్కకు అందే విలువ ఉంది.

సామాజిక చీటీకి బాగా తెలిసిన పుట్టిల్లు కూడా ఒక చర్చియే కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. 1984లో ఆండ్రూ మాసన్ అనే యువ పాస్టరు తూర్పు లండన్‌లోని బ్రోమ్లీ బై బో అనే పేద ప్రాంతానికి వచ్చారు. పెద్ద భవనం, అందులో కొద్దిమంది వృద్ధులు. ఆయన ఆ భవనాన్ని ఊరికి తెరిచారు. పిల్లల సంరక్షణ కేంద్రం, నాట్య తరగతులు, శిల్పుల పనిశాల, భోజనశాల ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 1990ల మొదట్లో ఆ ప్రాంతంలోని ఒక యువ తల్లి క్యాన్సర్‌తో, వైద్య వ్యవస్థ నుంచి సరైన ఆసరా అందక మరణించింది. ఆ బాధలోంచి, వైద్యాన్నీ సమాజాన్నీ ఒకే ఆవరణలో కలపాలన్న సంకల్పం పుట్టింది. 1997లో అక్కడే ఆరోగ్య కేంద్రం తెరిచారు. డాక్టరు గది దాటితే తోట, కుండల పని, ఉద్యోగ శిక్షణ. రెండు దశాబ్దాల తర్వాత, 2019 జనవరిలో ప్రకటించిన ఆరోగ్య ప్రణాళికలో ఇంగ్లండు జాతీయ ఆరోగ్య వ్యవస్థ దేశమంతటా వెయ్యికి పైగా లింక్ వర్కర్లను నియమిస్తామని రాసుకుంది.

అయితే ఇది ఇంగ్లండు నుంచి దిగుమతి చేసుకోవలసిన ఆలోచన కాదు. మన పక్కనే దీనికి వేళ్లున్నాయి. 1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో వైద్య మిషనరీల సమావేశం ఒకటి జరిగింది. ప్రభుత్వాలే ఆస్పత్రులు కడుతున్న కాలంలో చర్చి ఆస్పత్రులకు ప్రత్యేకత ఏమిటన్నది అక్కడి ప్రశ్న. స్వస్థపరచే పని వైద్య నిపుణులది మాత్రమే కాదు, సంఘమంతటిదీ అని వారు తేల్చారు. ఆ చర్చ కొనసాగి 1968లో ప్రపంచ చర్చీల మండలి కింద క్రైస్తవ వైద్య కమిషన్ ఏర్పడింది. దాని తొలి డైరెక్టరు జేమ్స్ మెక్‌గిల్వ్రే అంతకు ముందు మన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిలో పనిచేసినవారు. ఆ కళాశాలలోనే చదివిన రజనీకాంత్, మేబెల్ ఆరొలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పల్లె స్త్రీలకు శిక్షణనిచ్చి వారి చేతుల్లో ఊరి ఆరోగ్యాన్ని పెట్టారు. 1979లో వారికి మెగసెసే పురస్కారం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో వెలువరించిన ‘హెల్త్ బై ద పీపుల్’ గ్రంథంలో జామ్‌ఖేడ్ ఒక అధ్యాయం. 1978లో ఆల్మా అటాలో ప్రపంచ దేశాలు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ ప్రకటన చేసినప్పుడు దాని వెనక ఈ అనుభవాలన్నీ ఉన్నాయి.

తిరుత్తణికి పడమట, వేలూరు జిల్లా కె.వి. కుప్పంలో వేలూరు వైద్య కళాశాల 1977లో దలీప్ ముఖర్జీ నాయకత్వంలో రూషా అనే గ్రామీణ విభాగాన్ని స్థాపించింది. ఆరోగ్యం, సామాజిక వ్యవహారాలు రెండూ ఆ సంస్థ పేరులోనే ఉన్నాయి. రోగం చూసే చోటే యువకులకు వృత్తి శిక్షణ, స్త్రీల పొదుపు సంఘాలు, పశుపోషణకు చేయూత. ఆదరణ లేని వృద్ధుల కోసం ఊళ్లలో పగటి కేంద్రాలు కూడా నడిపింది. మధ్యాహ్న భోజనం, నలుగురితో కబుర్లు, ఆరోగ్య పరీక్ష ఒకేచోట. ఆవడికి ఆదర్శం కావలసివస్తే, లండన్‌కన్నా ముందు రైల్లో రెండుమూడు గంటల దూరంలో ఉన్న ఈ అనుభవాన్ని చూడాలి.

ఆవడి చుట్టుపక్కల తెలుగు సంఘాల దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని పట్టించుకుందాం. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఎక్కువసేపు ఖాళీగా ఉండే హాలు ఉంది. స్త్రీల సమాజం, యౌవనస్థుల కూటమి, ఆదివార బడి ఉన్నాయి. వారంలో ఒకరోజు ఒకరి ఇంట జరిగే గృహ కూడిక ఉంది. తెలుగునాట మిషన్ల కాలంలో బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగేవారు. మగవాళ్లు అడుగుపెట్టలేని లోపలి గదుల దాకా వెళ్లి, చదువు చెప్పి, బాలింతల బాగోగులు కనుక్కుని, జబ్బుపడ్డవారిని మిషన్ ఆస్పత్రికి పంపేవారు. లింక్ వర్కరు చేసే పనిలో సగం వారు చేసిందే. ఇక కలిసి భోంచేయడం. 1941లో మద్రాసులో భక్త సింగ్ మొదలుపెట్టిన సహవాసాల్లో ఆరాధన తర్వాత అందరూ వరుసగా కూర్చుని తినే ప్రేమ విందు ముఖ్యమైన ఆచారమైంది. తెలుగు జిల్లాలంతటా పాకింది. వారంలో మిగతా ఆరు రోజులూ ఒంటరిగా తినే ముసలివారికి ఆ ఒక్క పూట ఏమిటో ఆ బంతిలో వడ్డించినవారికి తెలుసు.

వీటన్నిటికీ తోడు భాష. ఆస్పత్రిలో, బజారులో, బస్సులో రోజంతా తమిళం మాట్లాడే తెలుగు వృద్ధులకు, కడుపులో మాట సొంత భాషలో చెప్పుకునే చోటు తెలుగు సంఘం. మానసిక బాధను మనిషి మాతృభాషలోనే సరిగా చెప్పగలడు. గుండెలో గుబులుగా ఉంది, మనసు మనసులో లేదు అన్నదాన్ని రోగ లక్షణంగా గుర్తించాలంటే వినేవారికి ఆ పలుకుబడి తెలిసి ఉండాలి. తమిళనాడు వైద్య సిబ్బందికి ఈ విషయంలో తెలుగు సంఘం నిజమైన సహాయం చేయగలదు.

ఇన్ని ఉన్నా ఇవి సామాజిక చీటీ కావు, ఎందుకంటే వీటికీ వైద్యుడికీ మధ్య దారి లేదు. డాక్టరుకు చర్చిలో ఏముందో తెలియదు. చర్చికి డాక్టరు ఏం చెప్పాడో తెలియదు. నా దృష్టిలో ఆవడి సంఘాలు చేయవలసింది కొత్త ఆస్పత్రి కట్టడమో వైద్య శిబిరం పెట్టడమో కాదు. వైద్య శిబిరాలు ఒకరోజు జరిగి వెళ్లిపోతాయి. సంఘం తరఫున ఒకరిద్దరు మనుషులను ఎంచి, శిక్షణ ఇప్పించి, వారికి జీతమిచ్చి, స్థానిక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. తమిళనాడులో దీనికి అనువైన వ్యవస్థ ఇప్పటికే ఉంది. 2021 ఆగస్టు 5న మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద మహిళా ఆరోగ్య వలంటీర్లు ఇంటింటికీ వెళ్లి బి.పి., షుగరు మందులు అందిస్తున్నారు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరి వంటింట్లో పొయ్యి వెలగలేదో అందరికన్నా ముందు చూసేది వారే. వారి నుంచి ఒక మాట సంఘపు కార్యకర్తకు చేరే మార్గం ఉంటే చాలావరకు పని మొదలైనట్టే.

కార్యకర్త చేతిలో ఏముండాలి? పరుత్తిపట్టు చెరువు చుట్టూ నడకదారి ఉంది. పొద్దున్నే అక్కడ నడిచే పదిమంది బృందంలో కొత్త మనిషిని కలపవచ్చు. చర్చిలో పాటల సాధన ఉంది. పింఛను కాగితాలు, ఆధారు సవరణలు, బ్యాంకు ఫారాలు నింపిపెట్టే యువకులుంటారు. ఇది చిన్నపనిలా కనిపిస్తుంది గానీ, ఆగిపోయిన కుటుంబ పింఛను కదిలితే మాయమయ్యే తలనొప్పులు చాలా ఉన్నాయి. సైనిక దుస్తుల ఫ్యాక్టరీలో జీవితమంతా కుట్టుపని చేసి రిటైరైనవారు ఈ ఊళ్లో ఉన్నారు. వారి చేతి పనితనాన్ని నేర్చుకోవలసిన యువతులు అదే వీధిలో ఉన్నారు. ఇంకొకటి నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. 2006 నాటి చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడి తెలుగు పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రాయడం రానివారు పెరిగారు. చర్చిలో పాటల పుస్తకం ముందు పెట్టుకుని నోటికొచ్చింది పాడతారు. వారానికి రెండు సాయంత్రాలు ఆ పిల్లలకు అక్షరాలు దిద్దించే బాధ్యతను రిటైరైన పెద్దలకు అప్పగిస్తే, వారు సాయం అందుకునేవారిగా కాక సాయం చేసేవారిగా మారతారు. ఎవరికో తన అవసరం ఉందన్న భావన కోలుకోవడంలో పెద్ద భాగం.

దీనికి మనస్తత్వశాస్త్రంలో ఆధారముంది. కుంగుబాటులో మనిషి ఒక్కొక్క పనీ మానేస్తాడు. మానేసినకొద్దీ మనసుకు హాయినిచ్చేవి తగ్గుతాయి, కుంగుబాటు ముదురుతుంది. ఈ చక్రాన్ని పని వైపు నుంచి తిప్పే పద్ధతిని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. మనసు బాగుపడ్డాక బయటికి వెళ్దామనుకోకుండా, చిన్నగా బయటికి వెళ్లడం ద్వారానే మనసును బాగుచేయడం. గోవాలో విక్రమ్ పటేల్ బృందం వైద్య పట్టా లేని సాధారణ వ్యక్తులకు ఈ పద్ధతి నేర్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్ర కుంగుబాటు ఉన్నవారితో మాట్లాడించింది. 2017లో వెలువడిన ఫలితాల్లో మూడు నెలలకు వ్యాధి లక్షణాల నుంచి బయటపడినవారు ఆ సాధారణ వ్యక్తులతో మాట్లాడినవారిలో 64 శాతం, మామూలు చికిత్స అందుకున్నవారిలో 39 శాతం. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లలు వేసి, శిక్షణ పొందిన అమ్మమ్మలను కూర్చోబెట్టారు. 24 కేంద్రాల్లో 573 మందితో జరిగిన పరీక్షలో ఆరు నెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు మిగిలినవారు బల్ల దగ్గర మాట్లాడినవారిలో 13.7 శాతం, మిగతావారిలో 49.9 శాతం. మాట్లాడటం అయ్యాక అక్కడికి వచ్చినవారు బృందంగా కూడి సంచులు అల్లుతారు. సంఘంలోని పెద్దమ్మలు, అత్తమ్మలు చేయలేని పని కాదిది. శిక్షణ, పర్యవేక్షణ రెండూ ఉండాలి. అవి లేకుండా మంచి మనసు ఒక్కటే చాలదు.

ఇక్కడ కొన్ని కఠినమైన విషయాలు మాట్లాడుకోవాలి. మొదటిది గోప్యత. మన సంఘాల్లో ప్రార్థన మనవులు వేదిక మీద నుంచి పేరుతో సహా చదివే అలవాటుంది. ప్రేమతోనే చదువుతారు. కానీ ఫలానా సహోదరికి నిద్ర పట్టడం లేదు, ఫలానా అన్న తాగుడు మానాలి అని రెండు వందల మంది ముందు వినిపించాక, ఆ కుటుంబం మళ్లీ నోరు విప్పదు. వైద్యుడు పంపిన మనిషి గురించి కార్యకర్తకు తెలిసింది పాస్టరుగారికి కూడా, ఆ మనిషి అనుమతి లేకుండా చేరకూడదు. ఇది చాలామంది పాస్టర్లకు కొత్తగా, కొంత కష్టంగా ఉంటుంది. అయినా ఈ విషయంలో సడలింపు ఉండకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది.

రెండోది మతం. 1876-78 కరవు కాలంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పస్తులున్న జనానికి ఊరికే తిండి పెట్టే బదులు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించారు. మన తిరువళ్లూరు జిల్లా తీరంలో పులికాట్, ఎన్నూరు మీదుగా మద్రాసుకు వచ్చే కాలువే అది. ఆ కరవు పని సాగినంతకాలం, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సహాయం ఆగాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ పట్టుదల గౌరవించదగినది. అయితే కాలువ గట్టు మీద పనికి మేస్త్రీలుగా ఉన్నవారు బోధకులే. విశ్రాంతి వేళల్లో బోధ సాగింది. కాబట్టి క్లౌ గీసిన గీత ఆయన కాలానికి గొప్పదైనా మన అవసరానికి సరిపోదు. ఆరోగ్య కేంద్రం పంపిన మనిషికి, హిందువైనా ముస్లిమైనా క్రైస్తవుడైనా, బోధ వినవలసిన పని ఉండకూడదు. అడిగితే తప్ప ప్రార్థన చేయకూడదు. తర్వాత ఎప్పుడో ఫలం కోయడానికి ఇప్పుడు విత్తనం వేయడమన్న ఆలోచన కూడా కార్యకర్త మనసులో ఉండరాదు. క్రైస్తవ విశ్వాసానికి ఇందులో లోటేమీ లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చిన మంచి సమరయుడు అతని మతం అడగలేదు.

ఈ జిల్లాలో ఆరోగ్యం కోసం దేవుడి దగ్గరికి వెళ్లడం క్రైస్తవులతో మొదలైనది కాదు. తిరువళ్లూరు వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడనే పిలుస్తారు. అమావాస్యనాడు జనం వచ్చి పుష్కరిణిలో బెల్లం కలిపి జబ్బులు కరిగిపోవాలని మొక్కుకుంటారు. కాబట్టి లింక్ వర్కరు దగ్గరుండే జాబితాలో గుడి భజన బృందం, మసీదు కమిటీ, గ్రంథాలయం, మహిళా సంఘం అన్నీ ఉండాలి. చర్చి ఆ తలుపుల్లో ఒకటి మాత్రమే.

మూడోది, ప్రార్థనకూ మందుకూ పోటీ పెట్టడం. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఎర్వాడిలో దర్గాకు దగ్గర్లోని ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత విశ్వాసాన్ని తిట్టి ఊరుకోకుండా, దర్గా ఆవరణలోనే మనోవైద్యుణ్ణి కూర్చోబెట్టే ‘దవా-దువా’ పద్ధతి వచ్చింది. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008లో మొదలైన ఆ పద్ధతిని ఎర్వాడికీ తెచ్చారు. మొక్కుకోవచ్చు, మందూ వేసుకోవాలి. మన సంఘాల్లో కూడా స్వస్థత కూడికలకు వెళ్లి షుగరు మాత్రలు, మూర్ఛ మాత్రలు మానేసినవారున్నారు. సామాజిక చీటీలో భాగస్వామి కావాలనుకునే సంఘం, వైద్యుడు చెప్పనిదే ఎవరూ మందు మానకూడదని వేదిక మీద నుంచి స్పష్టంగా చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనలు, భ్రాంతులు, తీవ్రమైన మద్యవ్యసనం కనిపిస్తే కార్యకర్త తన చేతిలో పెట్టుకోకుండా వెంటనే జిల్లా మానసిక ఆరోగ్య సిబ్బందికి అప్పగించాలి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలి-మానస్ నంబరు 14416 ప్రతి చర్చి నోటీసు బోర్డు మీదా ఉండాలి.

ఇంకా చెప్పుకోవలసింది కులం. తెలుగు సంఘాలు చాలాచోట్ల కులాల గీతల మీదే నిలిచాయి. ఒక సంఘం హాలులోకి అడుగుపెట్టడానికి మరో వీధివారు వెనకాడే పరిస్థితి ఉంటే, చీటీ రాసిన డాక్టరుకు అది తెలియదు, రోగికి మాత్రం తెలుస్తుంది. ఒక్క చర్చితో కాక నాలుగైదు సంఘాలు కలిసి, చీటీ మీద వచ్చినవారికి ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే వీలు కల్పించాలి. అలాగే ఈ పని భారమంతా ఎప్పటిలాగే స్త్రీల సమాజం నెత్తిన పడకూడదు. జీతమిచ్చే ఉద్యోగం ఒకటైనా లేకుండా దీన్ని నడపాలనుకుంటే అలసిపోయిన వలంటీర్లు మిగులుతారు.

చివరిగా ఫలితాల సంగతి. 2017లో బికర్‌డైక్ బృందం బ్రిటన్‌లోని సామాజిక చీటీ మీద జరిగిన 15 మూల్యాంకనాలను పరిశీలించింది. వాటిలో ఎక్కువ చిన్నవి, సరైన పోలిక లేనివి, పక్షపాతానికి అవకాశమున్నవి అని, అవి విజయానికి తగిన రుజువు కావని చెప్పింది. తర్వాత మెరుగైన అధ్యయనాలు వస్తున్నా, ఆ హెచ్చరిక ఇంకా చెల్లుతుంది. సాక్ష్యాలు చెప్పుకోవడం చర్చిలో ప్రియమైన సంప్రదాయం. కానీ బాగుపడినవారే సాక్ష్యం చెబుతారు, మధ్యలో మానేసినవారు చెప్పరు. అందుకే మొదటి రోజు నుంచే కొలత ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐదు ప్రశ్నల క్షేమ సూచికతో నూటికి ఎంతో లెక్కగట్టవచ్చు. 50 కన్నా తగ్గితే కుంగుబాటు ఉందేమో చూడాలి. ఒంటరితనానికి మూడు ప్రశ్నల కొలబద్ద ఉంది. వీటిని తెలుగులోనూ తమిళంలోనూ అడగడానికి పది నిమిషాలు చాలు. చేరినప్పుడు, మూడు నెలలకు, ఏడాదికి అడగాలి. మానేసినవారి ఇంటికి కూడా వెళ్లి అడగాలి.

పోలికకు కూడా న్యాయమైన మార్గముంది. 1980లలో గాంబియాలో హెపటైటిస్-బి టీకా అందరికీ ఒకేసారి ఇవ్వడం సాధ్యం కానప్పుడు, ఏ ప్రాంతం ఎప్పుడు చేరాలో చీటీలు తీసి విడతలవారీగా కలుపుకుంటూ వెళ్లారు. చివరికి అందరికీ అందింది, ఈలోగా పోలికా దొరికింది. ఆవడి నుంచి తిరువళ్లూరు దాకా రైలు మార్గం వెంట ఉన్న సంఘాల్లో ముందుకొచ్చినవాటిని అలాగే విడతలుగా చేర్చవచ్చు. తమ వంతు కోసం ఆగే నెలల్లో కూడా ఆ పరిధిలోని రోగుల వివరాలు అదే పద్ధతిలో సేకరించాలి. ఆస్పత్రికి ఎన్నిసార్లు వెళ్లారు, నిద్రమాత్రలు తగ్గాయా, క్షేమ సూచిక కదిలిందా అన్న లెక్కలు ఆరోగ్య కేంద్రం వద్దే ఉండాలి, చర్చి వద్ద కాదు. ఏడాది తర్వాత ఫలితం ఆశించినట్టు రాకపోయినా దాన్ని పేర్లు లేకుండా సంఘం ముందూ వైద్యుల ముందూ ఒకేలా చదివి వినిపించాలి.